నేరేడుపండు రంగు కారు

కొత్తపేటలో త్రిమూర్తులుగారి కారు రోజూ పొద్దున్న ఆరింటికల్లా స్నానం చేసేసేది. త్రిమూర్తులుగారు మాత్రం తొమ్మిదైతే గానీ నూతి దగ్గరికి కదిలేవారు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి వరస అదే. డ్రైవరు ఇస్సాకు రెండు బిందెల నీళ్ళు తోడుకొచ్చి, ముందు లైట్లు కడిగి, తర్వాత అద్దాలు తుడిచి, ఆఖరున చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని ఆదివారం పాడిన కీర్తనేదో కూనిరాగం తీస్తూ మట్టి గీకేవాడు. "కారుకి చేసే సేవలో సగం నాకు చేత్తే నేనూ నిగనిగలాడుదును" అనేది అతని భార్య జ్ఞానమ్మ. అంటూనే ఆ తుడిచే గుడ్డలు తన పాత చీరల్లోంచి చింపి ఇచ్చేది.

డెబ్భైతొమ్మిది మాఘమాసంలో ఆ కారు జొన్నాడ దగ్గర తూము గోడకి ఎడంపక్కంతా రాసుకుపోయింది. పట్టపగలు. ఎదర బండి లేదు, బస్సు లేదు.

"గేదె అడ్డొచ్చిందండి" అన్నాడు ఇస్సాకు.

వెనక సీట్లో కూర్చున్న త్రిమూర్తులుగారికి గేదె కనపడలేదు. కానీ ఇన్నేళ్ళు తనని క్షేమంగా ఇంటికి చేర్చిన మనిషి గేదె అంటే గేదే అనుకుని ఊరుకున్నారు. అంతకు ముందు నెలలో కొబ్బరికాయల కొట్టు స్తంభం కూడా ఇలాగే అడ్డొచ్చింది. అప్పుడూ ఊరుకున్నారు. ఊరుకోగా ఊరుకోగా ఆయన మనసులో ఒక నిర్ణయం జరిగిపోయింది.

కారుని పెయింటరు ముత్యాలరాజు షెడ్డుకి పంపించి, పాత మీగడ రంగు గీకించి, భార్య సూర్యకుమారిగారు ఏరిన నేరేడుపండు రంగు కొట్టించారు. కారు ఇంటికొచ్చిన రోజున ముత్యాలరాజు పురుడు పోసిన మంత్రసానిలాగ అందరికీ జాగ్రత్తలు చెప్పాడు.

"పైకి ఆరినట్టుంటాదండి గానీ లోపల పచ్చి. నెల్లాళ్ళు ఎండ తగలకూడదు, మంచు తగలకూడదు. సబ్బొద్దు, పాలిష్షొద్దు. చన్నీళ్ళు, మెత్తటి నూలుగుడ్డ. కాకి రెట్టేత్తే ఆ నిమిషంలోనే తుడిచెయ్యాలి. మొహాలు పడితే మాత్రం అంత కంగారు లేదండి, తెల్లారేలోగా తుడిస్తే చాలు."

"కాస్త కొబ్బరినూనె రాత్తే మెరుత్తాదేమోనండి?" అంది జ్ఞానమ్మ.

ముత్యాలరాజు రెండు చేతులూ జోడించాడు. "ఆ ఒక్క పనీ చెయ్యకమ్మా. ఈ కోనసీమలో పుండుకీ అదే, పురిటిబిడ్డకీ అదే, తలుపు బందులకీ అదే. నీకు దణ్ణం పెడతాను, నా రంగుకి రాయకు."

పచ్చి రంగులో పడ్డ మొహం అక్కడే ఉండిపోతుందన్న సంగతి కార్లున్న వాళ్ళందరికీ తెలిసిందే. రోజూ తుడుచుకోవాలి, లేకపోతే నెల తిరిగేసరికి రంగుతోబాటు అదీ ఆరిపోతుంది. అమలాపురంలో ఒక ప్లీడరుగారు బద్ధకించినందుకు ఆయన బానెట్టు మీద ఇప్పటికీ ఒక మేక నెమరేస్తూనే ఉంటుంది. తుడవడానికి కూడా ఒక పద్ధతుంది. మొహం పక్కకి తిప్పుకుని, ఓరకంట చూసుకుంటూ తుడవాలి. తిన్నగా చూస్తూ తుడిచాడో, ఊరందరి మొహాలూ పోయి తుడిచినవాడిదే మిగుల్తుంది. ఒక్కసారి పడ్డ మొహం ఒక్క తుడుపుకి పోతుంది. రోజూ ఒకేచోట పడేది మాత్రం మొండిది, ఓరకంటితోనే చూసి చూసి రుద్దాలి.

ముత్యాలరాజు వెళ్ళాక త్రిమూర్తులుగారు ఇస్సాకుని పక్కకి పిలిచారు. ఇస్సాకు మొహంకేసి చూడలేక కొబ్బరిచెట్లకేసి చూస్తూ చెప్పారు.

"రంగు పచ్చి ఆరేదాకా నువ్వే చూసుకో ఇస్సాకూ. నీ అంత శ్రద్ధ ఎవడికుంటది? ఆ తర్వాత ఆలమూరు నించి అంజిబాబు వచ్చి తోల్తాడు. లారీ తోలిన చెయ్యి. నువ్వింక కూర్చుని తిను. నీ ఇంటికి ఏ లోటూ రానివ్వను."

"ఆయ్" అన్నాడు ఇస్సాకు.

తిండికి లోటుండదని అతనికి తెలుసు. కానీ ఆ స్టీరింగు ముందు కూర్చుంటేనే తనొక మనిషినని అతనికి అనిపించేది. రావులపాలెం సెంటర్లో కానిస్టేబులు చెయ్యెత్తి పలకరించేది ఆ సీట్లో ఉన్న ఇస్సాకునే. సీటు పోయాక మిగిలేది ఎవడో అతనికి ఊహకి అందలేదు. ఇంటికెళ్ళి భార్యకి చెప్పలేదు. మర్నాడు చక్రాలు కడుగుతూ కీర్తన పాడకపోయేసరికి ఆమెకే తెలిసిపోయింది.

కారుని తాటాకు పాకలో పెట్టి, పైనుంచి దుమ్ము రాలకుండా సూర్యకుమారిగారి పాతచీరలు చాందినీ కట్టారు. నెల్లాళ్ళూ ఆ పాకకి జనం వస్తూనే ఉన్నారు. హైస్కూలు ఆడపిల్లలు పొద్దున్న తమ జడలు వెనకనుంచి ఎలా ఉన్నాయో సాయంత్రం చూసుకుని పోయేవారు. పెట్టలు డిక్కీ మీద పడ్డ పెట్టల్ని పొడవబోయి ముక్కులు నొప్పెట్టి తిరిగిపోయేవి. తను భోంచేసి పడుకున్నప్పుడు ఎవరొచ్చి వెళ్ళారో సూర్యకుమారిగారు సాయంత్రం వచ్చి బానెట్టు మీద చూసుకునేవారు. చీకటిపడే వేళకి ఇస్సాకు చన్నీళ్ళు తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, కారు చుట్టూ మూడుసార్లు తిరిగి అందర్నీ తుడిచేసేవాడు.

మధ్యాహ్నం జ్ఞానమ్మ క్యారేజీ తెచ్చేది. ఇస్సాకు ముందు చక్రం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని తింటుంటే, తను వెనక ఎడం తలుపు పక్కన నిలబడేది. కూర్చోమన్నా కూర్చునేది కాదు. అతను చెయ్యి కడుక్కునేదాకా అక్కడే, అదే చోట.

ఇరవై ఎనిమిదో రోజున ఆమె ఇంక ఉండబట్టలేకపోయింది.

"ఆఖరి రోజు తుడిచేటప్పుడు ఒక్కసారి తిన్నగా చూడవయ్యా."

"ఎందుకే?"

"నీ మొహం బానెట్టు మీద ఉండిపోద్ది. అప్పుడు వేరేవోణ్ణి ఎలా ఎక్కించుకుంటారు?"

ఇస్సాకు ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆ ఆలోచన తనకీ రాకపోలేదు. నాలుగు రాత్రులు అదే ఆలోచన.

"కారు ఆయనదే, జ్ఞానం. నమ్మి చేతికిచ్చేరు. మొహం అతికించి చోటు దొంగిలించమంటావా?"

ఆ జవాబే చెప్తాడని తెలిసే ఆమె అడిగింది. చెప్పినందుకు ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది. రెండూ కలిపి ముక్కు చీదుకుంది.

ఇస్సాకు మాట తప్పలేదు. ఆఖరి రోజున మెడ పట్టేసేలాగ తల తిప్పుకుని, మూడుసార్లు కాదు, ఏడుసార్లు తుడిచాడు.

ముప్ఫై ఒకటో రోజు పొద్దున్నే ముత్యాలరాజు వచ్చి డిక్కీ మూల గోటితో నొక్కి చూసి, "పండిందండి" అన్నాడు. అంజిబాబు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. నలుగురూ కలిసి కారుని పాకలోంచి ఎండలోకి తోశారు. నేరేడుపండులాగే ఉంది. కాకి లేదు, పెట్ట లేదు, ఆడపిల్లల జడల్లేవు. అందరూ ఆహా అంటూ చుట్టూ తిరిగి, ఎడంపక్కకి వచ్చి ఆగిపోయారు.

వెనక తలుపు మీద జ్ఞానమ్మ ఉంది. నెత్తిన చెంగు, చంకలో ఖాళీ క్యారేజీ. అప్పుడప్పుడు రెప్పలార్పుతోంది.

"నేను తోలలేనండి బాబూ" అన్నాడు అంజిబాబు ముందుగా. "ఒకరి ఇంటావిడ వెనక నించి అలా చూత్తా ఉంటే నాకు గేరెలా పడద్దండి?"

త్రిమూర్తులుగారికి కోపం వచ్చింది. "ఏవయ్యా ఇస్సాకూ! ఇంత మొహం, గుమ్మడికాయంత మొహం, కనపడలేదా నీకు?"

ఇస్సాకు కంగారుగా వచ్చాడు. తలుపు ముందు వంగాడు. ముక్కు రంగుకి తగిలేటంత దగ్గరగా వంగి, ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికాడు.

"ఎక్కడండీ?" అన్నాడు.

ముత్యాలరాజు తల దించుకున్నాడు. సూర్యకుమారిగారు మాత్రం తలుపు మీది మొహాన్నే చూస్తున్నారు. అది అద్దంలో చూసుకునే మొహం కాదు. ఆ కళ్ళు ముందు చక్రం దగ్గర ఎవరినో కనిపెట్టుకుని ఉన్నాయి, నడక రాని పిల్లాడు ఎక్కడ పడతాడో అన్నట్టు.

"జ్ఞానమ్మా" అన్నారావిడ, "నువ్వు నెల్లాళ్ళు ఇక్కడే ఎందుకు నిలబడ్డావే? నిజం చెప్పు."

నిజం చెప్తే మొగుడు ఇంక ఏ బండీ ఎక్కడని జ్ఞానమ్మకి తెలుసు. చెప్పకపోతే ఏ రోజు ఏ కాలవలో తేల్తాడో అన్న భయం రెండేళ్ళుగా తింటోంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేసింది.

"ఆయనకి ఎడంపక్క లేదండి. ఆ కన్ను మొత్తం పోయిందండి. కుడికంట్లోనూ మసకే. ఆ పక్క నించి దూడో, సైకిలో వత్తే ముందే చెప్దామని అక్కడ నిలబడేదాన్నండి."

"నీకు... తెలుసా?" అన్నాడు ఇస్సాకు.

"చెప్పకపోతే తెలీదా? కంచంలో ఎడంపక్క ఏసిన కూర అలాగే వదిలేసి ఉత్తన్నం తినేవోడివి. అప్పట్నించీ అన్నీ కుడిపక్కే ఏత్తన్నాను. నువ్వు గమనించేవా?"

అతను గమనించలేదు. ఈమధ్య కూరలు బాగా కుదురుతున్నాయి అనుకున్నాడు.

త్రిమూర్తులుగారు వచ్చి ముక్కాలిపీట మీద కూలబడ్డారు. "రెండేళ్ళు! వాడపల్లి గుడికెళ్ళేం కదయ్యా, గోదారి గట్టు మీద! ఎన్నిసార్లు వెళ్ళేం!"

"ఆ వెంకన్నే తోలేడు" అన్నారు సూర్యకుమారిగారు.

"మా ప్రభువూ ఓ చెయ్యేసేడండి" అన్నాడు ఇస్సాకు చిన్న గొంతుతో. తర్వాత నేలకేసి చూస్తూ అన్నాడు, "తప్పేనండి. మా మావయ్య ఆపరేషనుకెళ్తే ఉన్న కన్ను కూడా పోయిందండి. భయమేసింది. చెప్తే సీటు పోద్ది, చెప్పకపోతే..."

"చెప్పకపోతే నేను పోదును!" అని అరిచారు త్రిమూర్తులుగారు. అరిచాక ఆయనకే సిగ్గేసింది. ఇతను ముసలాడైపోయాడు, పరధ్యానం పెరిగింది అనుకున్నారే గానీ, దగ్గరికి పిలిచి నీ కళ్ళెలా ఉన్నాయని ఒక్క మాట అడగలేదు తను. ఇరవై రెండేళ్ళు వెనక సీట్లో కూర్చుని అతని వీపే చూశారు.

లేచి తాళాలు అంజిబాబు మీదికి విసిరారు. "తియ్యి కారు. రాజమండ్రి. కళ్ళ డాక్టరు దగ్గరికి."

"ఆ మొహం..."

"మనిషే లోపల కూర్చుంటది. బొమ్మ బయటుంటే నీకేంటయ్యా? తియ్యి!"

ఇస్సాకు మొదటిసారి ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నాడు. రాజమండ్రి చేరేదాకా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. శుక్లాలు ముదిరిపోయాయని, ఇన్నాళ్ళు ఏం చేశారని డాక్టరు అందరినీ కలిపి చీవాట్లు పెట్టాడు. ముందు ఒక కన్ను, రెండు నెలలకి రెండోది. కట్లు విప్పాక సీసా అడుగంత మందం కళ్ళజోడు ఇచ్చారు.

వానాకాలం వెళ్ళాక ఒక పొద్దున్న త్రిమూర్తులుగారు ఇస్సాకుని పెరట్లో నిలబెట్టి పరీక్ష పెట్టారు.

"ఆ మూల చెట్టుకి గెలలెన్ని?"

"ఏడండి. ఎనిమిదోది ఉడత తింటందండి."

త్రిమూర్తులుగారు కళ్ళు చికిలించి చూశారు. ఆయనకి ఉడత కనపడలేదు. తన కళ్ళ గురించి కూడా ఆలోచించవలసి వచ్చింది. తాళాలు ఇస్సాకు చేతిలో పెట్టారు. అంజిబాబు అప్పటికే హాయిగా లారీకి వెళ్ళిపోయాడు.

"ఆ తలుపు ఒకటీ గీకించి కొత్త రంగు వేయిద్దామంటావా?" అని అడిగారు వెళ్తూ వెళ్తూ.

ఇస్సాకు కారు చుట్టూ తిరిగి ఎడంపక్కకి వచ్చాడు. ఊరంతా చూసిన మొహం, కళ్ళజోడొచ్చాక కూడా కారు దగ్గరికి రాని అతను ఒక్కడే చూడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆమె మొహం అతను చూడనిది కాదు. కోపంగా చూశాడు, నవ్వగా చూశాడు, జ్వరంలో చూశాడు. అయితే అవన్నీ తను చూస్తున్నాడని ఆమెకి తెలిసిన మొహాలు. తను అటు తిరిగి అన్నం తింటున్నప్పుడు వెనక నుంచి తనని చూసే మొహం ఇది. ఇంత ప్రేమ ఇంత దగ్గరలో రోజూ నిలబడి ఉండేదని అతనికి తెలీదు. కళ్ళజోడు మళ్ళీ తడిసిపోయింది.

"వద్దండి" అన్నాడు. త్రిమూర్తులుగారు ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం జ్ఞానమ్మ క్యారేజీ తెచ్చి, పీట పక్కన దించి, ఎప్పట్లాగే వచ్చి ఎడం తలుపు పక్కన నిలబడింది. ఇద్దరు జ్ఞానమ్మలూ పక్కపక్కనే ఉన్నారు. ఇస్సాకు ఇద్దర్నీ చూశాడు.

"రోజూ ఇంతసేపు నిలబడేదానివా?"

"ఆయ్."

"కాళ్ళు నొప్పెట్టేవి కాదా?"

"నొప్పెట్టేవి మరి" అంది జ్ఞానమ్మ.

ఇస్సాకు పీట తెచ్చి తలుపు పక్కన వేసి, ఆమె భుజాలు పట్టుకుని కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడి అన్నం తిన్నాడు.