ఇంగువ ఎర

నేను ఒక గాలం కర్రను. వెదురు జాతి. మా వాళ్ళలో పిల్లనగ్రోవులైన వాళ్ళున్నారు, నిచ్చెనలైన వాళ్ళున్నారు, పాడెలైన వాళ్ళూ ఉన్నారు. నాకు దక్కింది చేపల్ని మోసం చేసే ఉద్యోగం. అందుకు నేనేమీ సిగ్గుపడను. నేను సిగ్గుపడ్డ సందర్భం వేరే ఉంది. అది వచ్చినప్పుడు చెబుతాను.

నన్ను చేసినవాడు సామర్లకోటలో తాపీమేస్త్రీ నూకరాజు. ఎవరి పెళ్ళి పందిరికో తెచ్చిన వెదుళ్ళలో మిగిలిపోయిన నన్ను ఏరి తెచ్చుకున్నాడు. కణుపులు చెక్కి, నిప్పుసెగ మీద వంకర తీసి, ఒంటికి ఆముదం పట్టించాడు. కొసన తంగూసు దారం కట్టి, దారం మధ్యలో నీళ్ళమీద తేలే బెండు, అడుగున ముల్లు బిగించాడు. ముల్లుకి ఎర్రను, అదే వానపామును, గుచ్చి కాలువలోకి విసిరితే మొదటి రోజే ఒక మట్టగిడస పడింది. ఆ రాత్రి వాళ్ళింట్లో పులుసు. అప్పట్నుంచి నాకు కొంచెం పొగరు కూడా పెరిగింది. ఒక ఇంటి కూర నా మీద ఆధారపడి ఉందంటే పెరగదూ మరి!

నూకరాజుకి హాబీ అనే మాట తెలియదు. పని దిగాక కాళ్ళు కడుక్కుని గట్టున కూర్చునేవాడు. చేప పడితే కూర, పడకపోతే చారు. రెండింటికీ ఒకే ముఖం పెట్టేవాడు. మనుషులంతా అంతేననుకున్నాను, కామేశం గారు తారసపడేదాకా.

వేదుల కామేశం గారు కరెంటు ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా. ఊళ్ళో ఎక్కడ కరెంటు పోయినా ఆయన్నే తిడతారు. గాలివాన వస్తే ఊరంతా ఆకాశాన్ని వదిలేసి ఆయన్ని తిడుతుంది. అన్నీ విని "రాసుకున్నానండీ" అనడం ఆయన ఉద్యోగం. తిట్లు కాగితం మీదికి పోయేవి కావు, ఒంట్లోకే పోయేవి. బీపీ వచ్చింది. ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు కుప్పకూలిపోతారని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పి, "మనసుకి విశ్రాంతినిచ్చే హాబీ ఏదైనా పెట్టుకోండి" అన్నాడు.

పాపం, ఆయన దాన్ని కూడా పై అధికారి ఉత్తర్వులాగే తీసుకున్నారు. ముందు నవ్వుల క్లబ్బులో చేరారు. అక్కడ అందరికంటే గట్టిగా నవ్వాలని పట్టుబట్టి గొంతు పోగొట్టుకున్నారు. తర్వాత గులాబీ కుండీలు తెచ్చారు. మొగ్గ ఇంకా ఎందుకు విచ్చలేదని తెల్లవారుజామునే లేచి కూర్చునేవారు. ఆ తర్వాత పిల్లనగ్రోవి పట్టారు. మా జాతి పరువు తీసిన ఆ ముచ్చట నేను వివరించను. పక్కింటివాళ్ళే వచ్చి దణ్ణం పెట్టి మాన్పించారట. విశ్రాంతి కోసం ఇంత చాకిరీ చేసే ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే.

చివరికి నడకకని కాలువ గట్టుకి వచ్చారు. అలసిపోయి నూకరాజు పక్కన కూలబడ్డారు.

"పంతులుగారూ, ఓపాలి ఇది పట్టుకోండి. టీ తాగొచ్చేత్తాను" అంటూ నూకరాజు నన్ను ఆయన చేతిలో పెట్టి లేచాడు.

ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు ఆయనది. నన్ను పామును పట్టుకున్నట్టు పట్టుకున్నారు. కానీ బెండు వంక చూశారు. చూస్తూనే ఉండిపోయారు. నూకరాజు తిరిగొచ్చేసరికి ఆయన జేబులో ఫోను మోగుతోంది.

"మీ ఫోనండీ."

"ష్! చేపలు బెదిరిపోతాయి" అన్నారు కామేశం గారు.

మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ పై రోజూ వచ్చారు. నూకరాజు నవ్వుకుని, తనకి ఇంకో వెదురు చెక్కుకుని నన్ను ఆయనకిచ్చేశాడు. ఇంటికి తీసుకెళ్ళే ధైర్యం లేక ఆయన నన్ను గట్టు మీది టీ బడ్డీ చూరులో దాచేవారు.

ఇక ఎర సంగతి. ఎర్రల్ని ముట్టుకోవడం ఆయనవల్ల కాలేదు.

"గోదుంపిండి ముద్ద గుచ్చండి. కాకపోతే కాత్త వాసనుండాలండి, ఆయ్!" అన్నాడు నూకరాజు.

వాసన అనగానే ఆయనకి తట్టింది ఒక్కటే. మర్నాడు గోధుమపిండిలో ముద్ద ఇంగువ కలిపి ఉండలు చేసుకుని, జేబురుమాల్లో మూటకట్టుకుని వచ్చారు. ఇంగువ కట్టిన గుడ్డ అంటారే, అక్షరాలా అదే. మేం ఇద్దరం నవ్వుకున్నాం, నూకరాజూ నేనూ. కానీ చేపలు నవ్వలేదు. కాలువలో ఉన్న పరిగె పిల్లచేపలన్నీ పోపు వాసనకి పొంగిపోయి మా వైపే వచ్చేశాయి. నూకరాజు ఎర్రల్ని అడిగే దిక్కు లేకుండా పోయింది. కామేశం గారు ప్రతి చేపనీ జాగ్రత్తగా ముల్లు నుంచి తప్పించి, "మన్నించు తల్లీ" అని మళ్ళీ నీళ్ళలో వదిలేసేవారు. నా పనితనమంతా ఇలా నీళ్ళపాలవుతుంటే నాకు ఒళ్ళు మండేది. కానీ బీపీ తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఇంట్లో ఆవిడా సంతోషించింది, ఇంగువ డబ్బా తీసి చూసేదాకా.

ఆవిడ పేరు విశాలాక్షమ్మ. నెలకి సరిపోయే ఇంగువ వారంలో అయిపోతోంది. భర్త రోజూ సాయంత్రం వేళకి మాయమై, ఇంగువ వాసనతో తిరిగొస్తున్నాడు. ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుంది? ఈ ఊళ్ళో ఎవరో ఈయనకి రోజూ పులిహోర కలిపి పెడుతోంది, అదీ తన ఇంగువతోనే! ఒకరోజు పొయ్యి కట్టేసి, కొంగు బిగించి, ఆయన వెనకాలే గట్టుకి వచ్చింది.

ఆవిడ వచ్చేసరికి కామేశం గారి గుప్పిట్లో పరిగె ఒకటి గిలగిల్లాడుతోంది.

"ఏవండీ!"

చేప జారి నీళ్ళలో పడింది. ఆయన చెయ్యి మాత్రం అలాగే గాల్లో ఉండిపోయింది.

"చేపలా? మనింట్లో మనిషై ఉండి చేపలా? నా ఇంగువ ఈ చేపలకా?" వీటిలో ఏది పెద్ద నేరమో ఆవిడకే తేలినట్టు లేదు.

"తినడానికి కాదే. పట్టి వదిలేస్తున్నాను."

"వదిలేసేదాన్ని పట్టడం దేనికి? దాని మూతికి చిల్లి పడదూ?"

ఇంతకాలం నేనూ అడగాలనుకున్న ప్రశ్నే అది, సగం వరకు. నూకరాజు తన బెండు వంక చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఇక్కడ కూచుంటే నాకు ఫోను వినపడదు విశాలా" అన్నారు ఆయన మెల్లగా. "ఎవరి తిట్లూ గుర్తుకి రావు. ఇది మాన్పించకు. ఇదొక్కటీ మాన్పించకు."

ఆ గొంతు విని నేను భయపడ్డాను. నన్ను విరిచి పొయ్యిలో పెడతారని కాదు. ఆయన మళ్ళీ ఆ ఫోను దగ్గరికే పోతారని.

ఆవిడ బిగించిన కొంగు వదులు చేసుకుని గడ్డి మీద కూర్చుంది.

"మీకు బీపీ అని డాక్టరు చెప్పాడు. హాబీ పెట్టుకోమన్నాడు. బాగానే ఉంది. నాకు ఎవరు చెబుతారండీ? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ వేళప్పుడు నేను పొయ్యి దగ్గర లేని రోజు ఏదో ఒక్కటి చెప్పండి."

కామేశం గారు వేళ్ళు మడిచి లెక్క చూశారు. "మా తమ్ముడి పెళ్ళిలో..."

"ఆ రోజు వంటవాడు రాలేదు. గాడిపొయ్యి దగ్గరే ఉన్నాను."

అందరి ఫిర్యాదులూ రాసుకునే మనిషికి ఇంట్లో ఫిర్యాదు ఇంతకాలం వినపడలేదు. ఆయన "రాసుకున్నాను" అనలేదు. తంగూసు కొసని పంటితో కొరికి, ముల్లు తీసేసి, నూకరాజు చేతిలో పెట్టారు. పిండి ఉండని ఉత్త దారానికే కట్టారు.

నేను సిగ్గుపడ్డది అప్పుడే. ముల్లు లేని గాలం! చేపలు వచ్చి ఎర తినేసి, మూతి తుడుచుకుని పోతాయి. పక్కనే నూకరాజు కొత్త కర్ర నన్ను చూసి వంగి వంగి నవ్వినట్టే అనిపించింది.

"రేపట్నుంచి నువ్వూ రా" అన్నారు కామేశం గారు.

"వస్తే వంటో?"

"ఉప్మా నేను చేస్తాను."

"మీ ఉప్మా అయితే దీనికి గుచ్చేద్దాం. చేపలే పారిపోతాయి, ఏ పాపమూ ఉండదు" అంది విశాలాక్షమ్మ. నూకరాజు ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు.

ఆవిడ వచ్చింది. విశ్రాంతి తీసుకోవడం మాత్రం రాలేదు. మొదటి రోజు చిక్కుడుకాయల బుట్ట వెంట తెచ్చుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. మర్నాడు ఆయన చొక్కాకి గుండీలు కుట్టింది. మధ్యమధ్యలో లేచి "పాలు కాచానో లేదో" అనేది. వట్టి చేతులతో కూర్చోవడం ఆవిడకి దొంగతనం చేసినట్టే ఉండేది. పోనుపోను బుట్ట చిన్నదైంది. ఒకరోజు బుట్టే రాలేదు. ఆ రోజు ఉప్మా ఎలా ఏడ్చిందో నాకు తెలియదు గాని, ఆవిడ మాత్రం గట్టున కూర్చుని ఆయనతో బాటు బెండు వంక చూసింది.

ఇప్పుడు నాకు వయసు మీదపడింది. మొదలు దగ్గర పగులిచ్చింది, ఒంటికి పట్టించిన ఆముదం ఎప్పుడో ఆవిరైపోయింది. ముల్లు లేకుండా బతకడానికి అలవాటు పడ్డాను. కానీ బెండు మునిగితే మాత్రం పాత బుద్ధి పోదు. కొస వంచి, "ఇదిగో, పడింది!" అని చేతికి చెప్పాలనిపిస్తుంది.

నిన్న సాయంత్రం కూడా ముగ్గురం గట్టున ఉన్నాం. కాలువ మీంచి చల్లగాలి వీస్తోంది. విశాలాక్షమ్మ మెల్లగా ఆయన భుజానికి ఆనుకుని నిద్రపోయింది. పొయ్యి మీద ఏముందో, పాలు పొంగాయో లేదో ఆ ముఖానికి పట్టలేదు. కామేశం గారు ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తూ నన్ను ఒంటిచేత్తో పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి ఆ చేతిమీదే ఉంది. ఎన్ని చేపలు పట్టానో గాని, ఇంత సంతోషం నా ఒంట్లోకి ఎప్పుడూ పాకలేదు.

అప్పుడే ఏదో పెద్ద చేప వచ్చి ఎర నోట కరుచుకుంది. బెండు బుడుంగున మునిగింది.

నేను కదల్లేదు.