సోమవారం మొరాయించే ప్రింటర్

కోడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి మూత పెట్టేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఇవాళ అయ్యగారి భోజనం వంతు ఏస్తేరమ్మ ఇంటికి వచ్చింది. బాపట్లలో వాళ్ళ సంఘంలో ఒక్కో ఆదివారం ఒక్కో ఇంటివాళ్ళు గుడి అయ్యాక పాస్టరు గారికి అన్నం పెట్టాలి. వంతు ఇంటిదే, కానీ ఆ రోజు గుడి మానేది మాత్రం ఇంటి ఆడమనిషి. భర్త శాలేమురాజు సంఘపెద్ద, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు నడిచాడు. "దేవుడి సేవకుడికి వండటమూ ఆరాధనేనే" అంటూ అత్తగారు నాగమ్మ వెనకాల మెట్లు దిగింది. అయితే ఈ ఆరాధన మీరూ ఒకసారి చెయ్యొచ్చుగా అన్న మాట ఏస్తేరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, గ్యాసు పైపు బిగుతుగా ఉందో లేదో మూడోసారి చూసి వచ్చింది.

ఆమెకు ఏది చూసినా ముందు చెడే తోస్తుంది. కుక్కరు కూత ఆలస్యమైతే పేలుతుందనిపిస్తుంది. వడ్లమూడి హాస్టల్లో ఉన్న కూతురు జెన్నిఫర్ ఫోను ఎత్తకపోతే, పిల్ల స్నానానికి వెళ్ళి ఉంటుందన్న ఆలోచన అన్నిటికన్నా చివర వస్తుంది. అందుకే ఇంటి ముందు గదిలోని షాపు షట్టరు ఎవరో దబదబా బాదగానే ఆమెకు దొంగలే తోచారు. జిరాక్సులు, అప్లికేషన్లు, ప్రింట్లు చేసే షాపు అది. ఆదివారం తియ్యరని ఊరందరికీ తెలుసు. ఒంటరి ఇంటికి ముందు ఆడమనిషిని పంపి వెనక మగవాళ్ళు దూరతారని ఫోనులో ఏదో వీడియో చూసి ఉంది. కిటికీలోంచి వీధి రెండు వైపులా చూసింది. ముప్ఫై ఏళ్ళ మనిషి ఒక్కతే, చేతిలో ఫోనుతో నిలబడి ఉంది.

"అక్కా, సార్ లేరా?"

"గుడికెళ్ళారమ్మా. ఇవాళ షాపు లేదు."

"తెలుసక్కా. నాలుగు షాపులు తిరిగొచ్చా, అన్నీ తాళాలే. నా పేరు రూబీ, వేటపాలెం నుంచొచ్చా. రెండింటికి తెనాల్లో పరీక్షుంది నాకు, ఆఫీసులో అటెండరు ఉద్యోగానికి. హాల్ టికెట్ ఫోన్లో చూపిస్తే చాలనుకున్నా. కాగితం లేకపోతే గేటు కాడే ఆపేస్తారంట. పదకొండున్నరకి రైలు. ఒక్క కాగితం అక్కా."

ఫోను పట్టుకున్న ఆమె వేళ్ళ కొసలు నల్లగా కమిలి ఉన్నాయి. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గింజలు ఒలిచే చేతులవి, ఆ జిడ్డు ఎన్నిసార్లు కడిగినా పోదు. ఏస్తేరమ్మ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత భర్తకు ఫోను చేసింది. స్విచ్ఛాఫ్. ఆరాధనలో ఆయన ఫోను ఆపేస్తాడు.

ఆ కంప్యూటర్‌ను ఆమె తుడిచిందే గానీ తాకింది లేదు. తుడవడం తాకడం కిందికి రాదని ఇంట్లో లెక్క. షాపు ఊడ్చేదీ, కాగితాల కట్టలు మోసేదీ, పిన్నులు కొట్టేదీ, ప్లాస్టిక్ కవర్లు అంటించేదీ ఆమే. కుర్చీ మాత్రం ఆయనది. ప్రతి సోమవారం పొద్దున్నే ప్రింటర్ మొరాయిస్తుంది. కంప్యూటర్ మీద ఆఫ్‌లైన్ అని పడుతుంది. "నిన్న దులిపావుగా, ఏదో వైరు కదిలించుంటావు" అంటాడాయన, ఎదురుగా ఎవరున్నా సరే. నవ్వే కస్టమర్లు నవ్వుతారు. "మా కోడలి చెయ్యి పిండికి మంచిది గానీ మిషనుకి పనికిరాదు" అని నాగమ్మ తోడు పాట అందుకుంటుంది. ఆయన పావుగంట ఏదో నొక్కి బాగు చేస్తాడు. అలా మూడేళ్ళు. ఈ మధ్య ఏస్తేరమ్మ ఊపిరి బిగబట్టి, పాత పంచె ముక్కతో పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తోంది. అయినా సోమవారం వచ్చేసరికి అది పడుకునే ఉంటుంది. తన చేతిలోనే ఏదో దోషం ఉందని ఆమె నమ్మింది కూడా.

"నాకు రాదమ్మా. పాడైతే మా ఆయన..."

రూబీ బతిమాలలేదు. మెట్టు మీద కూలబడి, "రెండు నెలల నుంచీ చదువుతున్నా అక్కా, డ్యూటీ దిగొచ్చాక" అంది. అంతే.

ఏస్తేరమ్మ షట్టరు ఎత్తింది.

ఆదివారం షాపులో చిన్న దీపం కూడా వెలగకూడదని శాలేమురాజు శనివారం సాయంత్రమే మెయిను ఆపేస్తాడు. విశ్రాంతి దినం. పక్క గదిలో గ్యాసు పొయ్యికి ఆ నియమం లేదు. ఆమె మెయిను వేసింది. వైఫై పెట్టె, ప్రింటర్, కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి మేలుకున్నాయి. షాపు నెంబరుకు వాట్సాప్‌లో పంపితే కాగితం తెర మీదికి వస్తుందని వెయ్యిసార్లు చూసిందే. రూబీ పంపింది, వచ్చింది. ప్రింటు గుర్తు మీద నొక్కింది. ఆఫ్‌లైన్.

మిషను కాల్చేశాను, రేపు ఈ ఇంట్లో ఏం జరుగుతుందో అనుకుంది. ఇంతలో ఆమె చెయ్యి గుడ్డ కోసం వెతుక్కుంది, ఏం తోచకపోతే తుడవడం అలవాటు. గుడ్డ లేదు. వంట హడావుడిలో ఇవాళ షాపు దులపనే లేదు.

ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. దులపలేదు. వైరు కదల్లేదు. మరి ఇవాళ కూడా ఎందుకు పడుకుంది?

భయం పోలేదు గానీ, దాన్ని పక్కకు నెట్టి ఇంకోటేదో ముందుకు వచ్చింది. బియ్యంలో పురుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా డబ్బాలన్నీ దించే మనిషి ఆమె. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొయ్యి మీద కూర అడుగంటిద్దేమో, నే చూస్తా అక్కా" అని రూబీ లోపలికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచే, "జీడిపప్పు ముద్ద ఇప్పుడే వెయ్యమాక, దించే ముందేద్దాం" అని ఒక సలహా కూడా వినిపించింది.

ప్రింటర్ మీద వరసగా మీటలున్నాయి. ఒకదాని మీద చిన్న 'ఐ' అక్షరం. నొక్కితే ఏమవుతుంది? నొక్కింది. లోపల గరగరమంది, ఏస్తేరమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఒక కాగితం బయటికి వచ్చింది. అంటే ఇది చావలేదు, బాగానే ఉంది. కాగితం నిండా ఇంగ్లీషు. మధ్యలో చుక్కలు పెట్టిన పొడుగాటి నెంబరు, చివర తొమ్మిది.

కంప్యూటర్‌లో వెతికితే ప్రింటర్ల పట్టిక కనబడింది. ఉన్నది ఒక్క ప్రింటరైతే పట్టికలో అదే పేరు పదకొండుసార్లు ఉంది. పాలిపోయిన అక్షరాల్లో పది, వాటిలో ఒకదానికి టిక్కు పెట్టి ఉంది. మరి పదకొండోది? అది ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్కోదాన్ని నొక్కితే దాని నెంబరు చూపిస్తోంది. టిక్కు ఉన్నదాని చివర నాలుగు. గుడిలో బోర్డు మీది నెంబరు చూసి పుస్తకంలో కీర్తన వెతికినట్టు, చేతిలోని కాగితంతో వేలు పెట్టి పోల్చుకుంటూ పోయింది. నల్లగా ఉన్నదానికి తొమ్మిది. టిక్కు దాని మీదికి మార్చి మళ్ళీ నొక్కింది.

హాల్ టికెట్ వచ్చింది, రూబీ ఫొటోతో సహా. ఏస్తేరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు సమయం పదకొండుకు పది తక్కువ.

"చేసేశావా అక్కా!" రూబీ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. కాగితం అందుకుని, ఏస్తేరమ్మ ఫోనులో తన నెంబరు తానే కొట్టి రింగిచ్చి, "లోపలికెళ్ళాక చెప్తా" అని స్టేషను వైపు ఉరికింది.

అప్పుడే జెన్నిఫర్ ఫోను చేసింది. పొద్దున అమ్మ చేసినప్పుడు బట్టలు ఉతుక్కుంటోందట. అయినా "జ్వరమా?" అని అడిగాకే ఏస్తేరమ్మ విషయంలోకి వెళ్ళింది.

"అమ్మా, మన వైఫై పెట్టె ఆపేసి వేస్తే ప్రింటర్‌కి వేరే నెంబరొస్తది. కంప్యూటర్ పోయి పాత నెంబరు తలుపు కొడతంటది. ఇదివరకు లేని నెంబరొచ్చినప్పుడల్లా నాన్న మళ్ళీ కొత్తగా కలుపుకుంటారు, అందుకే అన్ని పేర్లు. ఎవరన్నా మెయిను ఆపుతున్నారా ఏంటి?"

"ఆపుతున్నారు" అంది ఏస్తేరమ్మ నెమ్మదిగా. "శనివారం శనివారం."

ఒంటిగంటకు అందరూ భోజనాలకు కూర్చున్నారు. షాపులో లైటు చూసి శాలేమురాజు మొహం ముడుచుకుంది. ఆమె జరిగింది చెప్పింది.

"ఎవరొచ్చి చేశారు?"

"నేనే చేశానండి."

"సరేలే, ఎవరొచ్చారో చెప్పు."

"నేనేనండి."

ఆయన జ్ఞానానందం అయ్యగారి వైపు తిరిగి నవ్వాడు. "రేపు చూడండయ్యగారూ. ఈవిడ దులపడం, అది పడుకోవడం, నేను లేపడం. వారంవారం ఇదే వరస."

ఏస్తేరమ్మ కూర గిన్నె కింద పెట్టింది. "ఇవాళ దులపలేదండి. అయినా పడుకునే ఉంది. మీరు శనివారం మెయిను ఆపితే దాని నెంబరు మారిపోతుంది, అందుకు. మూడేళ్ళ నుంచీ అందుకే. నా చెయ్యి తగిలి కాదు."

అయ్యగారి ముద్ద నోటి దగ్గరే ఆగింది. "అంటే ఈ ఇంట్లో విశ్రాంతి దినం ప్రింటరే బాగా ఆచరిస్తోందన్న మాట" అన్నాడు. ఆయన తప్ప ఎవరూ నవ్వలేదు. నాగమ్మ కొడుకు మొహం చూసి, కోడలి మొహం చూసి, పళ్ళెంలోకి చూసుకుంది.

ఏస్తేరమ్మ ఫోను మోగింది.

"అక్కా, గేటు దాటా. కాగితం చూసి పంపారు. ఫోను ఇచ్చెయ్యమంటన్నారు, అందుకే గబగబా చేశా."

"ఉండమ్మా, ఒక్క మాట" అంటూ ఏస్తేరమ్మ లేచింది.

"ఏస్తేరూ, పెరుగు" అన్నాడు శాలేమురాజు.

"మీ ఎడమ పక్కనే ఉందండి. అయ్యగారికి కూడా వెయ్యండి."

షాపు గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "ఆ ఉద్యోగానికి ఎంతవరకు చదివుండాలి రూబీ? మళ్ళీ ఎప్పుడు వేస్తారు?"

"ఏడు పాసైతే చాలక్కా. ఎప్పుడో కనుక్కుంటాలే. ఎవరికి?"

ఎనిమిది పాసైన ఏస్తేరమ్మ బల్ల మీది తెల్ల కాగితాన్ని దగ్గరకు లాక్కుంది.

"నాకేనమ్మా" అంది.