బ్లాక్ బాక్స్ రంగు

ప్రేమ్ కుమార్‌కి భార్య మీద అనుమానం. ఆగండి, మీరనుకునే అనుమానం కాదు. ఆయన క్విజ్ ప్రశ్నలను సాధన తన తమ్ముడికి చేరవేస్తోందని.

ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జనరల్ నాలెడ్జ్ చెబుతాడు. కాపురం ఎల్బీనగర్‌లో, ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. నెలకో ఆదివారం సెల్లార్‌లోని కార్లు బయటికి తీసి, కుర్చీలు వేసి, మైకు ఆయన చేతికిస్తారు. విమానాలు, జాజ్ సంగీతం, పత్రికలు, ముసుగేసుకుని లోకాన్ని కాపాడే బొమ్మల పుస్తకాల వీరులు, ఆయన దేన్నీ వదలడు. గెలిచినవాళ్లకు ఒక హాట్‌బాక్స్ ఇస్తారు. దానికోసం పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా కొట్టుకుంటారు.

గత రెండు నెలలుగా ఆ హాట్‌బాక్స్ బెన్నీ ఇంటికే పోతోంది. బెన్నీ సాధన తమ్ముడు, సరిగ్గా వీళ్ల కింద రెండో అంతస్తులో కిరాయికుంటాడు. మంచివాడే గానీ చదువంటే ఆమడ దూరం. అలాంటివాడు ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తుతున్నాడు. “బావ ప్రశ్నలు, బామ్మర్ది జవాబులు” అని లిఫ్టులో ఎవరో నవ్వుకోవడం ప్రేమ్ కుమార్ చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయనకు తిండి సహించలేదు. ప్రశ్నల కాగితం ఉండేది బీరువాలో. దాని తాళం ఎక్కడుంటుందో తెలిసిన మనిషి ఇంకొక్కతే.

అసలు ఆ ఇంట్లో ప్రశ్నల విషయంలో అనుమానమన్నదే కొత్త. పెళ్లికి ముందు సాధన ఆయన క్లాసులోనే చదువుకుంది. జాజ్ పుట్టిన ఊరేదని ఆయన అడిగితే అందరూ నేల చూపులు చూస్తున్నప్పుడు, వెనక బెంచీ నుంచి “న్యూ ఆర్లియన్స్ సార్” అన్న గొంతు ఆమెది. ఆ గొంతునే ఏరికోరి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక రోజూ సాయంత్రం టీ తాగుతూ ఆయన ఒక ప్రశ్న వేసేవాడు, ఆమె కావాలనే “సార్” అని నవ్వుతూ జవాబు చెప్పేది. ఆ ఇంట్లో ముద్దూముచ్చటా అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉండేది. అనుమానం మొదలైనప్పటి నుంచి ఆయన అడగడం మానేశాడు. ఎందుకు మానేశావని ఆమె అడగలేదు. తప్పు చేసింది కాబట్టే అడగలేదనుకున్నాడు మన మేధావి.

ఈసారి వల పన్నాడు. విమానంలో ఉండే బ్లాక్ బాక్స్ రంగేమిటి? దానికి నారింజ రంగు వేస్తారు, శిథిలాల్లో కనబడాలని. తెలిసినవాడు నారింజ అంటాడు, తెలియనివాడు నలుపంటాడు. ఆయన కాగితం మీద మాత్రం “ఆకుపచ్చ” అని రాశాడు. ఆ జవాబు ఎవరైనా చెప్పారంటే కాగితం చూసినట్టే. ఆ కాగితాన్ని మరిచిపోయినట్టు డైనింగ్ టేబుల్ మీద వదిలేసి బజారుకు పోయాడు. తిరిగొచ్చి చూస్తే దాని మీద ఉప్పు డబ్బా ఉంది. తాను పెట్టలేదు. అంటే ఆమె ముట్టుకుంది. ఆయన గుండె కలుక్కుమంది, ఆ వెంటనే దొరికిపోయిందన్న సంబరం కూడా కలిగింది. ఆ సంబరానికి సిగ్గుపడాల్సింది, పడలేదు.

ఆదివారం సాయంత్రం సెల్లార్ నిండిపోయింది. నాలుగు ప్రశ్నలయ్యాక ప్రేమ్ కుమార్ గొంతు సవరించుకుని బ్లాక్ బాక్స్ సంగతి అడిగాడు. బెన్నీ చెయ్యెత్తాడు. ఒక్క క్షణం తటపటాయించాడు.

“ఆకుపచ్చ.”

జనం గొల్లున నవ్వారు. ప్రేమ్ కుమార్ నవ్వలేదు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, “గీ జవాబు నీకు ఎవరు చూపెట్టిర్రో నాకు ఎర్కనే” అన్నాడు. అంటూ మూడో వరసలో కూర్చున్న సాధన వైపు చూశాడు. ఆయన చూపు వెంట అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు మొదటి అంతస్తు లచ్చమ్మ లేచింది. ఆమె ఫ్లాటు సరిగ్గా బెన్నీ ఇంటి కిందే.

“ఏంది సారూ, పిల్లగానిమీద గట్ల గరమైతున్నవ్? పొద్దుగాల తానం జేసుకుంట ఆకుపచ్చ అని నువ్వే అంటివి గదా. బాత్రూంల కిటికీలన్నీ గా పైపుల సందులకే ఉన్నయి. నీ గొంతు మా ఇంట్ల టీవీ లెక్క ఇనొస్తది.”

నిజమే. క్విజ్ రోజు పొద్దున బాత్రూంలో నిలబడి, మైకు ముందున్నట్టే ప్రశ్నలూ జవాబులూ గట్టిగా చదివి చూసుకోవడం ఆయన అలవాటు. ఆ పూట ఆకుపచ్చను మరీ ముచ్చటపడి రెండుసార్లు చదివాడు.

బెన్నీ బిక్కమొహం వేశాడు. “నువ్వు నా కోసమే గట్టిగ సదువుతున్నవ్ అనుకున్న బావా. నారింజ అని నాక్కూడ ఎర్కే. కానీ నువ్వు ఆకుపచ్చ అన్నవ్. నీకన్న నాకు ఎక్కువ తెలుస్తదా?”

మళ్లీ నవ్వులు. ఈసారి ఆ నవ్వులన్నీ ప్రేమ్ కుమార్ మీదే. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అయినా లోపల ఎక్కడో హాయిగా ఉంది, సాధన తప్పు లేదు కదా అని. నవ్వేస్తూ ఆమె వైపు చూశాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికెళ్లేసరికి ఆమె వంటింట్లో ఉంది.

“గా ఆకుపచ్చ నా కోసం రాసినవా?”

ఆయన టేబుల్ మీది ఉప్పు డబ్బా వైపు చూశాడు.

“కాగితం ఫ్యానుకు కొట్టుకపోతదని ఉప్పు డబ్బా పెట్టిన. సదవలే. టీ తాగేటప్పుడు నువ్వే మళ్ల అడుగుతవని ఎదురుసూసిన.”

ఆ తర్వాత ఆమె అలగలేదు, పుట్టింటికి పోలేదు. వేళకు వండింది, గ్యాసు అయిపోయిందని చెప్పింది, చర్చికి ఆయన పక్కనే నడిచి వచ్చింది. ఆయనకు భయమేసింది. తిట్టినా బాగుండుననిపించింది.

ఒక సాయంత్రం టీ కప్పులు ముందుంటే ఆయన ధైర్యం చేశాడు. వెతికి వెతికి అదే ప్రశ్న ఎంచుకున్నాడు.

“జాజ్ పుట్టిన ఊరేది?”

సాధన ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. నవ్వలేదు.

“తెల్వదు సార్” అని ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.