కవరు తియ్యని పడవ

కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆ పెద్దమనిషిని నది క్లబ్బులో అందరూ కవర్ సార్ అంటారు. కొత్త కయాక్ కొని ఒడ్డుకి తెచ్చిన రోజే ఆయనకా పేరు స్థిరపడింది. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు పట్టుకుని, రాళ్ళ మధ్య నురగలు కక్కే నీళ్ళలో దూసుకుపోవాలి. ఆ పడవ ఎర్రగా నిగనిగలాడుతోంది. సీటుకి ఫ్యాక్టరీవాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ కవరు సీటుకే ఉంది. తెడ్డు కర్రకి చుట్టింది తెడ్డుకే ఉంది.

"సార్, కవర్లు తియ్యలేదు," అన్నాడు బస్సు డ్రైవరు. క్లబ్బులో అతను అందరికంటే పాతకాపు.

"చూశాను. తీస్తే పాతదైపోతుంది కదా."

ఇందులో నవ్వాల్సిందేముందో ఆయనకి అర్థం కాలేదు. ఇంట్లో సోఫాకి కవరుంది. టీవీ రిమోట్‌కి కవరుంది, ఆ కవరు పాడవకుండా దాని మీద ఇంకో కవరుంది. పాత కారు అమ్మినప్పుడు, సీట్లతో పాటు వచ్చిన కవర్లని చెక్కుచెదరకుండా కొన్నవాడికి అప్పగించి, వాటిని ఎలా చూసుకోవాలో చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నదిలో క్లబ్బువాళ్ళు ఏటా పందేలు పెట్టే దారి చివర మిక్సీ ఉంది. నది రెండు పెద్ద బండల మధ్య ఇరుక్కుని, చిర్రెత్తిపోయి, గిర్రున తిరిగే చోటు అది. లోపలికి వెళ్ళినవాడు బయటికి ఏ ఆకారంలో వస్తాడో చెప్పలేం కాబట్టి ఆ పేరు. అంత ధైర్యం లేనివాళ్ళకి కొంచెం ఎగువన ఒక చదును బండ ఉంది. అక్కడ దిగి, పడవ భుజానేసుకుని, ఒడ్డు వెంబడి నడిచి, కింద మళ్ళీ ఎక్కొచ్చు. నిబంధనలు ఒప్పుకుంటాయి. కవర్ సార్‌కి నిబంధనలంటే గౌరవం. చేరిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం ఆ బండ మీదే దిగాడు. ఒక వారం కాలు తిమ్మిరెక్కింది. ఒక వారం కళ్ళజోడు మసకబారింది. ఒక వారం షాపు తాళం వేశాడో లేదో గుర్తు రాలేదు. ఆయన దిగీ దిగీ ఆ బండ మీద నాచు అరిగిపోయింది.

ఇంట్లో మాత్రం కథ నేరుగా మిక్సీలోంచే నడిచేది. వినేది ఆయన అత్తగారు. స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఎదురు ఫ్లాట్‌లో ఉంటుంది, రాత్రి భోజనం కూతురింట్లోనే. ఈల ఇప్పటికీ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

"మిక్సీలోకి పడగానే ముందు ఎడమ తెడ్డండీ అత్తయ్యగారూ," అనేవాడు ఆయన చెంచా ఎత్తి చూపిస్తూ. "తర్వాత కుడి తెడ్డు. నది అరుస్తుంది. మనం పట్టించుకోకూడదు."

"భయం వెయ్యదా అల్లుడుగారూ?"

"మొదట్లో వేసేదండీ," అని చెంచా మెల్లగా కింద పెట్టేవాడు.

కప్పూ సాసరూ సంగతి కూడా ఇలాంటప్పుడే వచ్చేది. "క్లబ్బులో అందరికీ సొట్టలు పోయిన స్టీలు గ్లాసుల్లో టీ పోస్తారు. నాకు మాత్రం పింగాణీ కప్పు, కింద సాసరు. నేనడగలేదు. ఏదో వాళ్ళ అభిమానం."

ఆయన భార్య మంచినీళ్ళ జగ్గు ఆయన వైపు జరిపేది. పెళ్ళయిన కొత్తలో ఆయన కాలేజీ ఈత పోటీల కథ విన్న మనిషి ఆవిడ. తర్వాత ఒకసారి ఆయన్ని స్విమ్మింగ్ పూల్‌లో చూసింది కూడా.

ఈ ఏటి పందేలకి నాలుగు రోజుల ముందు అత్తగారు ప్లేటు ముందు కూర్చుని, "ఈసారి నేనూ వస్తున్నా చూడ్డానికి," అంది.

కవర్ సార్‌కి పొలమారింది. "అక్కడ బాగా ఎండండీ."

"గొడుగుంది."

"అన్నీ రాళ్ళండీ."

"బూట్లున్నాయి."

"బాత్రూములు ఉండవు అత్తయ్యగారూ."

"సర్వీసంతా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌లకి తిప్పినదాన్ని. ఆ మాట నాకు చెప్పకండి."

ఆ రాత్రి నుంచి కవర్ సార్ ముందు వర్షం రావాలని కోరుకున్నాడు, తర్వాత కరువు రావాలని కోరుకున్నాడు. ఏదీ రాలేదు. ఆదివారం వచ్చింది.

నది ఒడ్డున వ్యాన్లు, తెరిచిన డిక్కీలు, కారు తలుపుల మీద ఆరేసిన తడిబట్టలు. ఒకరి హెల్మెట్ పట్టీ ఇంకొకరు లాగి చూస్తున్నారు. ఒకరి లైఫ్‌జాకెట్ జిప్ పోతే ముగ్గురు పరిగెత్తుకొచ్చి మూడు రకాల సలహాలు చెబుతున్నారు. క్లబ్బు పెద్ద బేకరీ అక్క వరసగా అందరి నడుముల దగ్గరా తనిఖీ చేస్తోంది. నడుముకి తొడుక్కునే రబ్బరు పావడా అంచు పడవ నోటికి బిగించేస్తే లోపలికి నీళ్ళు రావు. పడవ తిరగబడితే లాగి బయటపడడానికి దాని ముందు ఒక పట్టీ ఉంటుంది. అది బయటికి కనిపించాలి.

అత్తగారు గొడుగు కింద నుంచి పరీక్షగా చూసి కూతురి చెవిలో, "మీ ఆయన లంగా కట్టుకున్నాడేంటే?" అంది.

"అది పడవలోకి నీళ్ళు రాకుండా అమ్మా."

"అందరూ కట్టుకున్నారా?"

"అందరూ."

"అయితే సరే."

పందేనికి ముందు టీ వచ్చింది. బస్సు డ్రైవరుకి సొట్ట గ్లాసు. గట్టి పోటీదారని పేరున్న నర్సుకి సొట్ట గ్లాసు. కవర్ సార్‌కి కప్పూ సాసరూ. అత్తగారికీ, కూతురికీ కప్పూ సాసరూ. అత్తగారు తన సాసరు చూసుకుంది, అల్లుడి సాసరు చూసింది, చుట్టూ గ్లాసులన్నీ చూసింది. ఏళ్ళ తరబడి హాజరు వేసిన కళ్ళు అవి.

"నాకీ సాసరు ఎందుకమ్మా?" అని అడిగింది బేకరీ అక్కని.

"మీరు గెస్టు కదండీ."

"మరి మా అల్లుడుగారు?"

నిన్నటి బ్రెడ్డుని ఇవాళ్టిదని చెప్పడం తప్ప బేకరీ అక్కకి ఇంకో అబద్ధం రాదు. "మా దగ్గరొక పద్ధతుందండీ. పడవలోంచి పడిపోయి, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చినవాళ్ళు, కాలి బూటు విప్పి, అందులో టీ పోయించుకుని అందరి ముందూ తాగాలి. అప్పుడు మావాళ్ళయినట్టు. అప్పట్నుంచి గ్లాసు. అప్పటిదాకా చుట్టాలే. చుట్టాలకి సాసరు పెడతాం."

"సార్ ఇంకా పడలేదండీ," అన్నాడు బస్సు డ్రైవరు, టీ ఊదుకుంటూ, ఏ దురుద్దేశం లేకుండా. "పడాలంటే మిక్సీలోకి వెళ్ళాలి కదా."

కవర్ సార్ కప్పులోకి చూశాడు. ఇన్నాళ్ళూ గౌరవం అనుకుని తాగిన టీ అంతా ఒక్కసారిగా చల్లారిపోయినట్టనిపించింది. బూటు టీ వాళ్ళు తాగుతుండగా ఆయన చాలాసార్లు చూశాడు. అది శిక్ష అనుకుని, తనకా గతి పట్టనందుకు శానిటైజర్ రాసుకుంటూ సంతోషించాడు.

అత్తగారు, "ఓహో," అంది. అంతే. ఆ ఓహోకి ఆవిడ స్కూల్లో పిల్లలు అడక్కుండానే మైదానం చుట్టూ పరిగెత్తేవారట.

పందెం మొదలైంది. పోటీదారుల్ని ఒకరి తర్వాత ఒకరిని వదులుతున్నారు. కవర్ సార్ వంతు వచ్చింది. నీళ్ళు పడవని ఎత్తుతున్నాయి, దించుతున్నాయి, మొహాన కొడుతున్నాయి. ఇదంతా ఆయనకి అలవాటే, బానే నడుపుతాడు కూడా. మనసంతా ముందున్న బండ మీదే ఉంది. దిగితే అత్తయ్యగారు చూస్తారు. ఇక జన్మలో భోజనం దగ్గర చెంచా ఎత్తలేడు. దిగకపోతే మిక్సీ. ఒకవేళ ఆవిడ ఎక్కడో దూరంగా చెట్టు నీడన కూర్చుని ఉంటే, గప్‌చుప్‌గా దిగి...

మలుపు తిరిగాడు. చదును బండ కనిపించింది. బండ మధ్యలో చాప, చాప మీద అత్తగారు, పైన గొడుగు. నాచు అరిగిపోయి కూర్చోవడానికి ఎంతో అనువుగా ఉన్న చోటు చూసుకుని మరీ కూర్చుంది. పక్కన కూతురు.

ఆయన్ని చూడగానే ఆవిడ చాప అంచు పట్టుకుని మర్యాదగా, "దిగుతారా అల్లుడుగారూ? జరగమంటారా?" అంది.

అందులో వెటకారం ఉందా లేదా అని ఆయన తర్వాత చాలాకాలం ఆలోచించాడు. ఆ క్షణంలో అంత తీరిక లేదు. హాయిగా కూర్చున్న అత్తగారిని లేపి ఆ చోట్లో దిగడం ఆయన పెరిగిన పద్ధతి కాదు.

"అక్కర్లేదండీ," అన్నాడు. "కూర్చోండి."

మిక్సీ నోరు తెరుచుకుంది. ముందు ఎడమ తెడ్డు వేశాడు. ఆశ్చర్యం, అది పని చేసింది. పడవ ముక్కు గోడలాంటి అలని చీల్చుకుని పైకి లేచింది. కుడి తెడ్డు. అదీ పని చేసింది. తను చెప్పిన కథ అక్షరాలా నిజమవుతుంటే ఆయనకి నవ్వొచ్చింది, నోరు తెరిచి నవ్వాడు, నోట్లోకి నది వచ్చింది. పర్వాలేదనిపించింది. బండలు రెండు పక్కలా గీతల్లా జారిపోతున్నాయి. జీవితంలో మొదటిసారి తనకి ఏ కవరూ లేనట్టు అనిపించింది.

తెడ్డుకి మాత్రం ఉంది. తడిసిన ప్లాస్టిక్ మీద చెయ్యి సబ్బు మీద పడ్డట్టు జారింది. తెడ్డు బొంగరంలా తిరిగింది. ఆకాశం కిందికీ నది పైకీ వెళ్ళాయి.

నీళ్ళ కింద చాలా నిశ్శబ్దంగా ఉంది. ముందు వారంటీ గుర్తొచ్చింది, తర్వాత పట్టీ గుర్తొచ్చింది. లాగాడు. పడవ ఆయన్ని వదిలేసింది. తల పైకి రాగానే ఎక్కడో ఈల మోగింది.

"కాళ్ళు ముందుకి పెట్టండి అల్లుడుగారూ," అని ఎగువ బండ మీంచి అత్తగారి గొంతు, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడే గొంతు. "వెల్లకిలా తేలండి. నిలబడద్దు."

దిగువన కాపలా ఉన్న బస్సు డ్రైవరు విసిరిన తాడు వచ్చి సరిగ్గా ఆయన హెల్మెట్ మీద పడింది. "తాడు పట్టుకోండి సార్. చేతిలోది వదిలెయ్యండి."

చేతిలో తెడ్డు లేదు. దాని కవరు ఉంది. ఆయన దాన్ని పళ్ళతో కరుచుకుని, రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. ఒక బూటు అప్పటికే నది తీసుకుపోయింది. వెనకే వస్తున్న నర్సు, గెలిచే పందేన్ని పక్కన పెట్టేసి, కొట్టుకుపోతున్న ఎర్ర పడవ వెంటపడి ఒడ్డుకి నెట్టుకొచ్చింది.

"మీ పందెం పోయింది కదమ్మా," అన్నాడు ఆయన రొప్పుతూ.

"పందెం వచ్చే ఏడు వస్తుంది సార్. పడవ రాదు," అంది ఆవిడ. తెడ్డు కూడా దొరికింది. బోసిగా, కొత్తగా మెరుస్తోంది.

అందరూ చుట్టూ చేరారు. బేకరీ అక్క టీ కెటిల్ పట్టుకొచ్చింది. కవర్ సార్ మిగిలిన ఒక్క బూటూ విప్పి, లోపలికి తొంగిచూసి, "ఒక్కసారి వేడినీళ్ళతో కడగొచ్చా?" అన్నాడు.

"నది కడిగింది కదా సార్."

తాగాడు. నది రుచి, రబ్బరు రుచి, అడుగున కొంచెం చక్కెర. చివరి చుక్కదాకా ఎత్తి తాగి బూటు బోర్లించాడు. క్లబ్బువాళ్ళంతా తెడ్లతో పడవల మీద దబదబా కొట్టారు. బస్సు డ్రైవరు తన గ్లాసుకంటే ఎక్కువ సొట్టలున్న గ్లాసు వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు.

అత్తగారు దగ్గరికొచ్చింది. "ముందు ఎడమ, తర్వాత కుడి అని చెప్పారు. మూడోది ఎప్పుడూ చెప్పలేదేం?"

"మూడోది ఇవాళే తెలిసిందండీ."

ఆవిడ ఈసారి ఓహో అనలేదు. "ఎడమా కుడీ బాగా పడ్డాయి," అంది. ఆయన భార్య తువ్వాలు భుజాన కప్పుతూ మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందని భుజాలే చెప్పాయి.

కవర్ సార్ లేచి, పడవ దగ్గరికెళ్ళి, అందరూ చూస్తుండగా సీటు కవరుని సర్రున చింపి తీసేశాడు. ఆయన దాన్ని ఉండ చేసి చెత్తబుట్ట వైపు నడవబోతే, అత్తగారు చెయ్యి అడ్డం పెట్టి లాక్కుంది. నీళ్ళు దులిపింది. చాప మీద పరిచి నాలుగు మడతలు పెట్టింది.

"పారేస్తారేంటి అల్లుడుగారూ, ఇంత మందం కవరు ఇప్పుడు దొరుకుతోందా," అని హ్యాండ్‌బ్యాగులో ఈల పక్కన సర్దింది. "దేనికైనా పనికొస్తుంది."

పనికొచ్చింది. ఆ సొట్ట గ్లాసు ఇప్పుడు వాళ్ళ హాల్లో షోకేసులో ఉంటుంది, ఆ కవర్లో.