ఒక వరుస పైకి

అద్దాలాయన వెబ్‌సైటులో మొత్తం నలభై మూడు పేజీలు. పదహారేళ్ళుగా అన్నీ తన చేత్తో కట్టుకుంటూ వచ్చినవే. పగలంతా షాపులో కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసి బిగించే మనిషి, సెలవు రోజుల్లో ఇంట్లో పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కొక్క గుర్తూ వేళ్ళతో వెతుక్కుని కొట్టేవాడు.

దానికి కారణం ఆయన కూతురు. పుట్టుకతోనే ఆ పిల్లకు ఆకలికి ఓర్చుకోలేని జబ్బు. కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే ఒంట్లో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. మొదటి ఏడాదిలో మూడుసార్లు పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. ఏ వయసు బిడ్డ ఎన్ని గంటలు తినకుండా ఉండగలదో, జ్వరం వస్తే ఏం చేయాలో చెప్పేవాళ్ళు అప్పట్లో దొరకలేదు. తరవాత డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదంతా ఆయన ఆ పేజీల్లో పెట్టాడు. కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, సంచిలో తన తిండి తనే సర్దుకుంటుంది. వెబ్‌సైటు మాత్రం మిగతా తల్లిదండ్రుల కోసం నడుస్తూనే ఉంది. ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే డైటీషియనమ్మ కొత్తగా వచ్చిన వాళ్ళకు ఆ చిరునామా కాగితం మీద రాసిస్తుంది. అడుగున షాపు ఫోను నంబరు ఉంటుంది.

దాన్ని బ్లాగులోకి మార్చమని రెండేళ్ళుగా పోరుతున్నవాడు బావమరిది. కంప్యూటర్ల పనిలోనే ఉన్నాడు.

"బావా, నువ్వు తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంటే నీ వెబ్‌సైటు కూడా నీతోపాటే మంచం పట్టింది. ఒక్క అక్షరం దిద్దే దిక్కు లేదు. అదే బ్లాగైతే నలుగురు రాస్తారు, ఫోన్లోంచే దిద్దుకోవచ్చు."

"నలుగురు రాస్తే నలుగురూ తప్పులు రాస్తారు."

"నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. సరే, ఊరికే నకలు తీసి చూపిస్తాను. నచ్చకపోతే పీకేద్దాం."

ఆయన ఒప్పుకున్నాడు. బావమరిది ఓ సెలవు రోజు పొద్దున కూర్చుని, పేజీలన్నీ ఎత్తి బ్లాగులో పోశాడు. అక్షరాలు పెద్దవిగా, చూడ్డానికి బాగానే ఉంది. అద్దాలాయన పైపైన నాలుగైదు పేజీలు తిరగేసి, "ఉండనీ, మెల్లిగా చూసి చెప్తాను" అన్నాడు. అది అప్పటికే ఊరందరికీ కనిపిస్తోందా అని ఆయన అడగలేదు, బావమరిది చెప్పలేదు.

బ్లాగు పెట్టిన తొమ్మిదో రోజు, పొద్దున పదకొండు గంటల వేళ షాపు ఫోను మోగింది. ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె కళ్ళకు గాజు బిళ్ళలు మార్చి మార్చి పెడుతున్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టాడు.

"నమస్తే అండి, ఫోన్లో వెతికితే మీ వెబ్‌సైటు కనిపించింది, అది చూసి చేస్తున్నాను" అంది ఒక ఆడగొంతు. "పాపకు ఈ జబ్బుందని పోయిన నెలే తెలిసింది. అందులో రాసిన గంటలు ఇప్పటికీ అవేనా అండి? మారలేదు కదా?"

"అవేనమ్మా. మారలేదు. అందులో ఉన్నట్టే చేయండి."

"హమ్మయ్య. రాత్రంతా జ్వరంతో ఏడ్చి తెల్లారి పడుకుంది. ఏడు నెలల పిల్ల, లేపబుద్ధి కాలేదు. ఎనిమిది గంటల దాకా పరవాలేదని ఉంది కదా, పడుకోనిస్తాను. ఉంటానండి."

"మంచిదమ్మా" అని ఆయన ఫోను పెట్టేశాడు. పెద్దావిడ కంటికి ఇంకో బిళ్ళ పెట్టి, "ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు. ఆవిడ ఏదో చెప్పింది. ఆయనకు వినపడలేదు.

ఎనిమిది. ఏడు నెలల పిల్లకు ఎనిమిది ఎక్కడిది? తను రాసింది నాలుగు. జ్వరముంటే అదీ లేదు, రెండు గంటలకోసారి లేపి పట్టాల్సిందే.

జేబులోంచి ఫోను తీసి బ్లాగు తెరిచాడు. పట్టికలో ఎడమవైపు వయసులు, కుడివైపు గంటలు. నెలలోపు పసికందు ఎదురుగా ఆయన ఎప్పుడూ ఏమీ రాయలేదు. అది డాక్టరే చెప్పాలని అక్కడ ఖాళీ గీత వదిలేశాడు. బ్లాగు ఆ ఖాళీని ఎందుకూ పనికిరానిదనుకుని మింగేసింది. దాంతో గంటలన్నీ ఒక వరుస పైకి జరిగాయి. ఏడాది దాటిన పిల్లల ఎనిమిది వచ్చి ఏడు నెలల పాప పక్కన కూర్చుంది.

షాపు ఫోను పాతది. ఎవరు చేశారో నంబరు చూపించదు. ఆమె ఏ ఊరో అడగలేదు, పేరూ అడగలేదు. తెల్లారి పడుకుందంది. ఆరింటికనుకుంటే ఇప్పటికే ఐదు గంటలు. ఆమె మళ్ళీ ఫోను చేయదు. ఎందుకు చేస్తుంది? అందులో ఉన్నట్టే చేయమని తనే చెప్పాడు.

"బాబూ, ఒంట్లో బాలేదా?" అంది పెద్దావిడ, కళ్ళకున్న ఇనుప చట్రం తనే తీసుకుంటూ.

ఆయన బావమరిదికి ఫోను కలిపాడు.

"ఇప్పుడే దిద్దాలి. ఎలా దిద్దాలో చెప్పు."

"ఏమైంది బావా?"

"ముందు చెప్పు. తరవాత తిట్టుకుందాం."

ఆ గొంతు విని బావమరిది మారు మాట్లాడకుండా ఎక్కడ నొక్కాలో చెప్పుకుంటూ పోయాడు. అద్దాలాయన వేళ్ళు ఒకచోట నొక్కబోయి మరోచోట నొక్కుతున్నాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దం కోసే చేతులు అవి. రెండుసార్లు రాసింది పోయింది. మూడోసారి పట్టిక మొత్తం తీసేసి, దాని చోట ఇలా పెట్టాడు: "ఇందాక నాకు ఫోన్ చేసిన అమ్మా, ఎనిమిది తప్పు. పాపను ఇప్పుడే లేపి పాలు పట్టండి. లేవకపోతే, తాగకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

అది పేజీలోకి ఎక్కేసరికి పదకొండుంబావు.

తరవాత చేయడానికేమీ లేదు. పెద్దావిడకు రేపు రమ్మని చెప్పి, తలుపు దగ్గరికి వేసి, షాపు ఫోను ముందు కూర్చున్నాడు. ఆమె ఆ పేజీ మూసేసి ఉంటుంది. రాత్రంతా నిద్ర లేదు, పిల్ల పక్కనే తనూ కునుకు తీస్తూ ఉంటుంది. పిల్ల కదలడం లేదని ఎప్పుడు చూసుకుంటుంది? తన కూతురు మొదటిసారి అలా అయినప్పుడు వాళ్ళూ హాయిగా నిద్రపోతోందనే అనుకున్నారు. ఆ ఒంటి చల్లదనం ఆయన అరచేతికి ఇంకా గుర్తుంది.

పదకొండున్నర అయింది. ఫోను ఒకసారి మోగింది. ఎత్తితే, చట్రం విరిగింది అతికిస్తారా అని ఎవరో. "ఈరోజు కాదండీ" అని పెట్టేశాడు. పన్నెండైంది. భార్యకు చెప్పాలనిపించింది. చెబితే ఆ గంటలు ఆమె కూడా లెక్కపెట్టాల్సి వస్తుందని మానుకున్నాడు.

పన్నెండూ ఐదుకు చేతిలోని ఫోను చిన్నగా శబ్దం చేసింది. పేజీ కింద ఎవరో రాశారు. అలా రాయొచ్చని కూడా ఆయనకు తెలియదు.

"గంటలు ఇంకోసారి చూసుకుందామని తెరిచి, ఇప్పుడే చూశానండి. లేపితే చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఒళ్ళంతా చెమట. చెంచాతో కొంచెం కొంచెం పట్టాను. ఇప్పుడు ఏడుస్తోంది. ఆస్పత్రికి బయల్దేరుతున్నాం."

ఏడుస్తోంది అన్న మాట ఆయన నాలుగుసార్లు చదువుకున్నాడు. తరవాత బల్ల మీద తల ఆనించి, చాలాసేపు లేవలేదు. సాయంత్రం ఆమె మళ్ళీ రాసింది. సెలైన్ పెట్టారు, పాప బాగానే ఉంది, రెండు రోజులు ఉంచుకుంటారట.

ఇంటికెళ్ళి చెబితే భార్య పళ్ళెం కింద పెట్టేసి తమ్ముడికి ఫోను చేసింది. ఏమందో గాని, అరగంటలో బావమరిది వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"తీసేస్తాను బావా. నాదే తప్పు. దాచిపెట్టి ఉండాల్సింది."

"తీసేయ్" అంది భార్య. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. పాతది పదహారేళ్ళు నిక్షేపంగా ఉంది."

అద్దాలాయనా ఆ మాటే అందామనుకున్నాడు. కానీ మధ్యాహ్నం నుంచి ఒకటే ఆయన బుర్రలో తిరుగుతోంది. పాత వెబ్‌సైటులో తప్పు దొర్లి ఉంటే, షాపు మూసి, బస్సెక్కి, ఇంటికొచ్చి, కంప్యూటరు వెలిగించి దిద్దేసరికి గంటన్నర పట్టేది. దిద్దానని ఆమెకు తెలిసినా, చూశానని ఆమె ఆ పేజీలోనే రాసి చెప్పే దారి లేదు.

"పాతదాంట్లో తప్పు లేదని ఎవరు చూశారు?" అన్నాడు చివరికి.

ఆ వారమంతా పొద్దున్నే లేచి, భార్య పాత పేజీ చదువుతుంటే ఆయన డాక్టర్లిచ్చిన కాగితాలతో సరిచూశాడు. పంతొమ్మిదో పేజీలో ఆగిపోయారు. వాంతులవుతున్న పిల్లలకు పట్టమని అక్కడొక పొడి రాసి ఉంది. డైటీషియనమ్మను అడిగితే, "అది మానేసి మూడేళ్ళైందండీ. మీకు మెయిల్ పెట్టానే" అంది. ఆ మెయిల్ ఆయన తెరవకుండా వదిలేసిన పాత చిరునామాకు వెళ్ళింది. మూడేళ్ళలో ఆ పేజీ ఎంతమంది చదివారో, ఎవరి పిల్లలకు ఏమైందో తెలిసే మార్గం లేదు. బ్లాగు విషయంలో కనీసం ఒక గంట భయపడితే సరిపోయింది. ఇది ఎన్నాళ్ళు భయపడినా తెగేది కాదు.

మార్చాలనే నిర్ణయించుకున్నాడు. కానీ బావమరిది ఎత్తిపోసినట్టు కాదు. పట్టికలన్నీ తీసేసి ప్రతి వయసుకూ ఒక పూర్తి వాక్యం రాశాడు. అంకె తన వయసును వదిలి ఎటూ జరగకూడదు. పసికందు దగ్గర కూడా ఖాళీ వదలకుండా "డాక్టరును అడగండి" అని రాశాడు. డైటీషియనమ్మ చదివి సరే అన్నాకే ఏ పేజీ అయినా బయటికి వెళ్ళాలన్నాడు. పేజీలు దిద్దే పాస్‌వర్డు ఆమె దగ్గరా ఒకటి ఉంచాడు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం భార్యా, కూతురూ, బావమరిదీ వచ్చి ఆయన షాపులోనే కూర్చున్నారు. పాత చిరునామా నొక్కితే కొత్తదానికి తీసుకెళ్ళేలా బావమరిది అన్నీ సిద్ధం చేసి, ఫోను ఆయన చేతికిచ్చాడు.

"నొక్కు బావా."

ఆయన వేలు ఆ గుర్తు మీద ఆగింది.

"భయంగా ఉంటే రేపు చేద్దాం నాన్నా" అంది కూతురు.

"రేపు కూడా ఇలాగే ఉంటుందమ్మా" అని నొక్కేశాడు.

వెంటనే భార్య దగ్గర ఆమె ఫోను అడిగి తీసుకుని, పాత చిరునామా కొట్టి, ఏడు నెలల పిల్లల వాక్యం వెతికి, అంకె మీద వేలు పెట్టి, "నాలుగు" అని పైకి చదివాడు.