నాలుగు తొమ్మిదులు

పేకాటకీ పద్ధతికీ ఏం చుట్టరికం అని మీరు నవ్వొచ్చు. నవ్వండి, లోహిత్ ఏమీ అనుకోడు, అతనికిది అలవాటే. రెండేళ్ళ కిందట వంద డాలర్లతో కంప్యూటర్ ముందు కూర్చుని, సెంట్ల పందేల దగ్గర పోకర్ మొదలుపెట్టాడు. ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతుకు మించి ఏ బల్ల దగ్గరా పెట్టకూడదు, అది పోతే లేచి వచ్చేయాలి, జీతం డబ్బు ఇటు రాకూడదు. ఇంతే అతని శాస్త్రం. వచ్చిన ముక్కలు వచ్చినట్టు పారేస్తూ గంటలకొద్దీ కూర్చోవడమంత విసుగు పని ఇంకోటి లేదు. అయినా కూర్చున్నాడు. వంద కాస్తా నాలుగు వేలయ్యాక గానీ ఒషావా ఊరి వైపు హైవే పక్కనున్న క్యాసినోలో అడుగు పెట్టలేదు. అక్కడ కూడా అన్నిటికన్నా చిన్న బల్ల, రెండు వందలు, శనివారం పొద్దున్న మాత్రమే. ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలీదు, ఈ దేశంలో ఉండిపోవడానికి పీఆర్ ఎప్పుడొస్తుందో అంతకన్నా తెలీదు. తన చేతుల్లో ఉన్నది ఈ ఆట ఒక్కటే అనిపించేది.

అతను ఉండేది ఏజాక్స్‌లో, వీరరాఘవులు గారి ఇంటి బేస్‌మెంట్‌లో. ఆయన వంతెనలు కట్టించి రిటైరైన ఇంజినీరు. మనిషి మంచివాడే, కానీ తనకు తెలియని విషయం ఒకటుందని ఒప్పుకునే రకం కాదు. ప్రతి శనివారం ఫ్లాస్కు పట్టుకుని ఎక్కడికి పోతున్నావోయ్ అని ఆరా తీశాడు. లోహిత్ దాచలేదు. ఇంకేముంది, మరుసటి శనివారానికి ఆయన మఫ్లరు చుట్టుకుని కారు పక్కన తయారు! పెద్దాయన వస్తానంటే కాదనడం మనవాళ్ళకు చేతకాదు కదా. వంటింటి బల్ల మీద ముక్కలు పరిచి లోహితే నేర్పాడు. ఎవరి చేతిలో వాళ్ళకు రెండు ముక్కలు మూసి ఉంటాయి, మధ్యలో అందరికీ కలిపి అయిదు తెరిచి ఉంటాయి, మొత్తం మీద అయిదు మంచివి ఎవరికి కుదిరితే వాళ్ళది డబ్బు. ఆట ఆయనకు అయిదు నిమిషాల్లో వచ్చేసింది. ఇరవయ్యో వంతు సంగతి మాత్రం చెవికెక్కలేదు. ఆఫీసర్స్ క్లబ్బులో రమ్మీ ఆడిన చెయ్యి నాది, నీ పిసినారి లెక్కలు నాకెందుకోయ్ అన్నాడు.

ఇక చూడండి, వారం వారం పోగొట్టుకోవడమే. ముక్కలు పారేయడం ఆయనకు నామోషీ. పోయిన కొద్దీ పట్టుదల. లోహిత్ ఒక శనివారం జ్వరమని అబద్ధమాడి ఇంట్లో ఉండిపోతే, ఆయన తడి మంచులో తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, ఇంకా ఎక్కువ పోగొట్టుకుని వచ్చాడు. దాంతో పక్కన ఉండటమే నయమనుకున్నాడు లోహిత్. నేర్పిన పాపం లోపల కెలుకుతూనే ఉంది.

నవంబరు మొదట్లో ఆయన భార్య మీనాక్షి గారు పులిహోర డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. ఆవిడ మోకాళ్ళకు ఆ మెట్లు పడవు. అయినా దిగిందంటే ఏదో పెద్ద సంగతే అయ్యుండాలి. పైన హాల్లో కప్పు కారుతోందట. చలికాలం ముదిరేలోగా కప్పు మీది పెంకుల్లాంటి షింగిల్స్ మార్పించాలని డబ్బు విడిగా తీసి పెట్టారట. ఆ డబ్బు తరిగిపోతోందట. అరిచి పోట్లాడే మనిషి కాదావిడ. డబ్బా బల్ల మీద పెట్టి, మెల్లగా ఒక్క మాటే అంది.

"ఆ కప్పు డబ్బొక్కటీ ముట్టుకోనివ్వకు బాబూ. నీ మాటైతే వింటారు."

ఎవరి మాటా వినడని ఇద్దరికీ తెలుసు. లోహిత్ సరేనన్నాడు. అలా అన్నందుకు ఆ రాత్రి తనని తనే తిట్టుకున్నాడు.

ఆ శనివారం కారులో ఎంత చెప్పినా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. క్యాసినో హాల్లోకి వెళ్ళీ వెళ్ళగానే కప్పు డబ్బులో మిగిలిన ఆరు వందలూ ఇచ్చి చిప్స్, అంటే పందెం బిళ్ళలు, తీసేసుకున్నాడు. ఇవాళ్టితో మొత్తం రాబట్టేస్తా, మీ ఆంటీకి చెప్పకు అన్నాడు. ఇద్దరికీ ఒకే బల్ల దగ్గర కుర్చీలు దొరికాయి. కూర్చున్నప్పటి నుంచీ ఆయన తెలుగులో ఒకటే కబుర్లు. ఆట నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదన్నది ఆ హాలు నియమం. ఇద్దరు కూడబలుక్కుంటే మిగతావాళ్ళకు అన్యాయం కదా. ముక్కలు పంచే అమ్మాయి రెండుసార్లు హెచ్చరించింది. ఈసారి మాట్లాడితే మాట్లాడినవాళ్ళ ముక్కలు చెల్లవని కూడా చెప్పింది.

లోహిత్‌కి ఆ పూట కలిసొచ్చింది. ఓపిగ్గా కూర్చుని రెండు వందల్ని ఆరు వందలు దాటించాడు. అప్పుడు పడ్డాయి చేతిలో రెండు తొమ్మిదులు. మధ్యలో రాజు, తొమ్మిది, నాలుగు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరూ తప్పుకుని చివరికి అతనూ రాఘవులు గారూ మిగిలారు. నాలుగో ముక్క రెండు. అయిదోది మళ్ళీ తొమ్మిది.

నాలుగు తొమ్మిదులు! రెండేళ్ళలో అతనికి అలాంటి ముక్కలు పడలేదు. ఆ బల్ల మీద దాన్ని కొట్టగల ముక్కలు ఎవరి దగ్గరా ఉండవు. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతటదే చేస్తుంది. ఉన్నదంతా ముందుకు నెట్టేశాడు.

నెట్టాక తలెత్తి చూశాడు. రాఘవులు గారు కళ్ళజోడు తీసి మఫ్లరుతో తుడుచుకుంటున్నాడు. మంచి ముక్కలొచ్చినప్పుడే ఆయన అలా చేస్తాడు. చేతిలో రెండు రాజులుండి ఉంటాయి. మధ్యలోదానితో మూడు, పైన తొమ్మిదుల జత. గెలిచేశానని ఆయనకు నమ్మకం. కళ్ళజోడు పెట్టుకుని రెండు చేతులూ చిప్స్ వెనక ఆనించాడు. అదంతా కప్పు డబ్బు. లోహిత్ తన నోటితో సరేనన్న డబ్బు.

"వద్దంకుల్," అన్నాడు. "వదిలేయండి."

ముక్కలు పంచే అమ్మాయి చెయ్యెత్తి సూపర్‌వైజరుని పిలిచింది. ఏమన్నావని సూపర్‌వైజరు అడిగితే లోహిత్ ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి ఇంకా చెడగొట్టుకున్నాడు. అతని ముక్కలు చెల్లవన్నారు. అతను నెట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. ఆ రెండు తొమ్మిదుల్నీ తిప్పి చూడకుండానే పారేసిన ముక్కల్లో కలిపేసింది అమ్మాయి. చిప్స్ కుప్ప మొత్తం రాఘవులు గారి ముందుకు జరిగింది.

పోయినందుకు లోహిత్‌కి బాధ లేదు. తన లెక్క ప్రకారం అతను పెట్టింది రెండు వందలే, పోతే లేచి రావాలి, లేచాడు. కప్పు డబ్బు నిలిచింది, అంతే చాలనుకున్నాడు. పిచ్చివాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన ముఖం వెలిగిపోతోంది. ఉత్త ముక్కలతో నన్ను బెదరగొట్టి లేపేద్దామనుకున్నావు కదూ, నేను బెదిరానా అని తొడ మీద చరిచాడు.

"నాలుగు తొమ్మిదులున్నాయంకుల్ నా దగ్గర. ఒట్టు."

"ఉంటే ఎవడైనా వదిలేయమంటాడా?" అని పకపకా నవ్వాడాయన.

నిజమని చూపిద్దామంటే లోహిత్ ముక్కలు పేక కుప్పలో ఎప్పుడో కలిసిపోయాయి. పోనీ, ఆయన్ని పోగొట్టుకోనిచ్చి ఉంటే ఆ రోజుతో బుద్ధొచ్చేదేమో. ఆ ఆలోచన వారమంతా అతన్ని నిద్రపోనివ్వలేదు.

మరుసటి శనివారం, ఇక వెళ్ళకూడదని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికే పైకి వెళ్ళాడు. హాలు మధ్యలో బకెట్టు, అందులో చినుకు చినుకుగా నీళ్ళు. రాఘవులు గారు షింగిల్స్ వాళ్ళకు ఫోన్ చేసి, ఇప్పుడొద్దు, వేసవిలో చూద్దాం అంటున్నాడు. ఫోన్ పెట్టేసి మఫ్లరు అందుకున్నాడు.

"వద్దంకుల్," అన్నాడు లోహిత్. ఇక్కడ ఆ మాటకు అడ్డు చెప్పే నియమం ఏదీ లేదు.

"మళ్ళీ అదే ఎత్తా?" అని ఆయన నవ్వుతూ కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

మీనాక్షి గారు వంటింట్లోంచి రెండు ఫ్లాస్కులతో వచ్చింది. ఆవిడ ముఖంలో పోయిన వారం ఉన్న దిగులు లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"వచ్చిన డబ్బు నా చేతికే ఇచ్చారు బాబూ, మళ్ళీ ఇవాళ పట్టుకెళ్తున్నారనుకో. నీ పద్ధతి ఆయనకి ఇప్పటికి పట్టుబడిందట," అంది. "నువ్వు పక్కనుంటావుగా. ఇక నాకేం భయం లేదు."

బయట కారు స్టార్ట్ అయింది. లోహిత్ ఆ రెండు ఫ్లాస్కులూ చేతుల్లోకి తీసుకున్నాడు.