గేమ్ డబ్బాకు బదిలీ మనిషి

మా ఆయన జలపతి దుబాయి నుంచి వచ్చిన నెలకే నన్ను కొండగట్టు గుడికి తీసుకుపోయి, అంజన్న ముందు చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాడు. "ఇగ పోనే నీలా. గంజి తాగినా ఈడనే తాగుదం" అన్నాడు. నేను నమ్మాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దలు ఊరికే అనలేదు.

అప్పటికి సిరిసిల్లలో సగం సాంచెలు ఆగిపోయాయి. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఆయన దుబాయి పోకముందు పనిచేసిన కార్ఖానాకు తాళం పడింది. నేను పక్క వాడలో నూలు కండెలు చుట్టడానికి పోయేదాన్ని. ఒకరోజు ఆయన జగిత్యాలలో మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి రెండు పాత కంప్యూటర్లు ఆటోలో వేసుకొచ్చాడు.

"గేమ్ డబ్బా చేస్త. ఇంటి ముందర పెడదం. పోరగాండ్లు పైసలిచ్చి నిలవడి ఆడుకుంటరు" అన్నాడు. దుబాయి మాల్‌లో అలాంటివాటినే రోజూ తుడిచేవాడట.

"నువ్వు పోయేముందు ఇప్పిన కూలర్ ఇంకా మంచం కిందనే ఉన్నది. ముందుగాల అది చెయ్యి" అన్నాను.

కూలర్ చెయ్యలేదు గానీ డబ్బా చేశాడు. మా నాయన నేసిన మగ్గం చెక్కలు అటక మీద ఉంటే నేనే దించి ఇచ్చాను. మనిషెత్తు పెట్టె కట్టి, లావుపాటి మానిటర్‌ను వాలుగా కూర్చోబెట్టాడు. కీబోర్డు విప్పి, లోపలి బోర్డు నుంచి కాలింగ్ బెల్ స్విచ్చులకు వైర్లు అతికించాడు. చేత్తో తిప్పే పిడిగా కట్టె కండె ఒకటి బిగించాడు. తెర మీద మొదటిసారి రంగులు పడ్డప్పుడు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఇక మనిషి ఇంట్లో ఉన్నట్టే అనుకున్నాను.

స్విచ్చుల కోసమని నాలుగుసార్లు కోరుట్ల పోయాడు. కాలింగ్ బెల్ స్విచ్చులు సిరిసిల్లలో దొరకవా అని ఈ మట్టిబుర్రకు తట్టలేదు.

తర్వాత సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టాడు. "తెర నల్లగైందనుకో, స్విచ్ బంద్ చేసి ఎనుక తలుపు తియ్యి. గీ పొడుగు ముక్క ర్యామ్. దీన్ని పీకి, గీ దువ్వెన పండ్లసొంటి పసుపు గీతలను రబ్బర్‌తోని రుద్ది మల్ల పెట్టు. టక్కుమనాలె." నేను చేస్తుంటే తాను ముట్టేవాడు కాదు. "ఇంకోపారి" అనేవాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో భుజానికి భుజం ఆనించి నాతో అంతసేపు కూర్చున్నది లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పాఠానికి ముందు తల దువ్వుకుని పూలు పెట్టుకునేదాన్ని.

డబ్బా వాకిట్లోకి వచ్చింది. పిల్లలు ఎగబడ్డారు. ఒక శనివారం తెర నల్లబడింది. ఆయన అరుగు మీద చాయ్ తాగుతూ కదలలేదు. నేనే తలుపు తీసి, రుద్ది, పెట్టాను. బొమ్మ వచ్చింది. పక్కింటి కనకవ్వ చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్లు సాంచెల మధ్య బతికిన మనిషి.

"మంచిగ నేర్పినవ్ రా జలపతి. బదిలీ మనిషి తయారైంది. ఇగ ఎప్పుడు పోతున్నవ్?" అంది.

సాంచెల పనిలో ఒక పద్ధతి ఉంది. పని మానేసి పోయేవాడు తన సాంచెలను ఉత్తగా వదిలిపోకూడదు. బదిలీ మనిషిని పక్కన నిలబెట్టుకుని నేర్పాలి. చివరికి తాను చేతులు ముడుచుకుని కూర్చుని ఆ మనిషితో నడిపించి చూపాలి. వచ్చినవాడికి పని రాదంటే సేటు పోనివ్వడు. ఆ సాంచెల చప్పుడులోనే పుట్టి పెరిగిన నాకు ఇది తట్టలేదు.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేవబోయాడు.

"ఏడికి పోతున్నవ్?" అన్నాను.

"కోరుట్ల నర్సింగం వీసా తీసిండు. సోమారం పోవుడు." నర్సింగం అంటే పోయినసారి ఆయన్ను పంపిన ఏజెంటు.

"అంజన్న మీద ఒట్టు వెడితివి గదా?"

"డబ్బా ఉన్నది గదనే. నీకు ఆసరైతది."

ఉండటానికి కడుతున్నాడనుకున్న డబ్బాను పోవడానికి కట్టాడు. మా నాయన చెక్కలతో, నా చేతులతో కట్టాడు.

రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. మా అత్త లసుమవ్వ నా పక్కన కూర్చుని, "నాకు సుత ఎరుకలేదు బిడ్డా. నీ మీద ఒట్టు" అని కళ్లు తుడుచుకుంది. ఫోన్ కలపమని ఇప్పటికీ నన్నే అడిగే మనిషి. ఈ ఇంట్లో నాలాగే మోసపోయింది ఇంకొకరున్నారని కొంచెం ఊరట పడ్డాను.

సోమవారం పొద్దున ఆయన స్నానానికి పోగానే డబ్బా వెనక తలుపు తీసి ర్యామ్‌ను వదులు చేశాను. పిల్లలొచ్చి స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. ఆయన కొత్త అంగీ వేసుకుని, బ్యాగు పట్టుకుని బయటికొచ్చాడు.

"నీలా, జర సూడు."

"నాకు రాదు."

"మొన్న చేస్తివి గద?"

"మర్శిపోయిన. బదిలీ మనిషికి పని రాదు. నువ్వు పోవద్దు."

వాకిట్లో ఆటో హారన్ కొడుతోంది. ఆయన ఆటో వైపు చూశాడు. బ్యాగు కింద పెట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆగిపోతాడనుకున్నాను. కానీ డబ్బా దగ్గరికి రాలేదు. వంటింటి వైపు తిరిగి పిలిచాడు.

"అవ్వా!"

మా అత్త కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏమైందని అడగలేదు. స్విచ్ బంద్ చేసి, డబ్బా వెనక కూర్చుని, తలుపు తీసి సరిగ్గా ఆ ముక్కనే పీకింది. నాలుగుసార్లు రుద్ది, బొటనవేలితో టక్కుమనేదాకా నొక్కింది. తెర వెలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆమె నా ముఖం చూడకుండా లోపలికి పోయింది.

ఆయన బ్యాగు ఎత్తుకుని ఆటో ఎక్కాడు. నేను కండెలు చుట్టడానికి పోయినప్పుడల్లా ఆమెకు నేర్పాడన్నమాట. నేను రాదంటానని ఆయనకు ముందే తెలుసు.